మూడు షిఫ్టుల ట్రయలు

నాలుగో దూలానికి బోల్టు రంధ్రాలు పెడుతూ ఉండగా కంప్యూటరు మళ్ళీ ఆగిపోయింది. తెరంతా నీలంగా మారింది. ఏదో ఇబ్బంది వచ్చిందనీ, తనంతట తానే మళ్ళీ మొదలవుతాననీ ఇంగ్లీషులో మర్యాదగా రాసి, అన్నంత పనీ చేసింది. భాగ్యరేఖ మౌసు మీంచి చెయ్యి తియ్యలేదు. మొదట్లో అరిచేది, బల్ల మీద కొట్టేది, ఒకసారి ఏడ్చింది కూడా. ఇప్పుడవేవీ లేవు. తెర నల్లబడి, చుక్కలు గుండ్రంగా తిరిగి, పాస్‌వర్డు అడిగేదాకా ఊరికే చూస్తూ కూర్చుంటుంది. కోప్పడ్డానికి కూడా కాస్త ఓపిక ఉండాలి గదా.

ఎక్కడో కట్టబోయే గోదాములకీ షెడ్లకీ ఉక్కు దూలాలు ఎంత పొడవు కోయాలో, ఏ అంచున ఎన్ని రంధ్రాలు పెట్టాలో గీసిచ్చే పని ఆమెది. హిందీ ఊళ్ళోని ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్పులో, సెక్టర్ 4లో నాన్న పేరు మీదున్న క్వార్టరులో, వీధివైపు గదిలో కూర్చుని గీసి నాగపూర్ పంపిస్తుంది. కంప్యూటరు కూడా తను బిగించుకున్నదే. సామాన్లు ఒక్కొక్కటీ తెప్పించుకుని, అన్నాల బల్ల మీద దుప్పటి పరిచి, వీడియో చూస్తూ మరలు బిగించుకుంటూ ఒక ఆదివారమంతా కూర్చుంది. మొదటిసారి ఫ్యాను తిరిగినప్పుడు ఇంట్లో చెప్పుకోడానికి నాన్నొక్కడే ఉన్నాడు. ఆయన "ఊఁ" అన్నాడు.

ఫోను మోగింది. ఉదయ్‌కుమార్. నాగపూర్ ఆఫీసులో ఆమె టీము పని చూసేది అతనే.

"రేఖా జీ, ఆజ్ భీ? ఇవాళ కూడానా?"

"రీస్టార్ట్ అవుతోంది సార్. పది నిమిషాలు."

"చూడండి, షెడ్డు డ్రాయింగులు ఈ నెలాఖరుకి క్లయింటుకి వెళ్ళిపోవాలి. మీ పని బాగుంటుంది, ఆ మాట నేనే పైవాళ్ళకి చెప్పేను. కానీ ఇలాగైతే మిగతా ప్యాకేజీ వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదు. ఏమీ అనుకోకండి, బురా మత్ మాన్నా."

"లేదు సార్," అంది. నిజంగానే ఏమీ అనిపించలేదు. విండోస్ తీసేసి మళ్ళీ వేసింది. ప్రాసెసర్ మీద పేస్టు గీకేసి కొత్తది రాసింది. వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ గుచ్చింది. రెండ్రోజులు బాగుంటుంది, మూడోరోజు ఆగుతుంది. ఒక్కోసారి పొద్దుటే రెండుసార్లు ఆగి, తరవాత వారం దాకా పేచీ పెట్టదు. ఒక పద్ధతంటూ ఉంటే పట్టుకోవచ్చు. పద్ధతి లేనిదాన్ని ఎక్కడని పట్టుకుంటుంది?

"ఏటే, మళ్ళీ ట్రిప్పయిందా?"

గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. భాగ్యరేఖ కుర్చీ తిప్పి చూసింది. నాలుగేళ్ళ కిందట తల్లి పోయిన దగ్గర్నుంచీ గురునాథరావు హాల్లో మంచం మీద టీవీకి ఎదురుగా కూర్చుంటాడు. అందులో ఏం వస్తోందని అడిగితే చెప్పలేడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఆయన తనంతట తాను ఈ గదిలోకి రావడం ఇదే మొదలు.

"అయింది నాన్నా."

ఆయన చెవి పెరటివైపు పెట్టాడు. "విను. ఇప్పుడే స్టార్టయింది. వినబడతందా?"

పెరటి షెడ్డులో నూకాలమ్మ గ్రైండరు తిరుగుతోంది. నూకాలమ్మది శ్రీకాకుళం వైపు. మొగుడు ప్లాంటులో కాంట్రాక్టు పనిచేసేవాడు, చనిపోయాడు. షెడ్డులో ఉండమన్నది భాగ్యరేఖ తల్లి. ఇడ్లీపిండి రుబ్బి సెక్టరులో ఇళ్ళకి అమ్ముకుని బతుకుతోంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి గ్రైండరు మొదలవుతుంది. ఆ చప్పుడు ఈ ఇంటికి ఎంత అలవాటంటే, అది ఆగినప్పుడే ఎవరికైనా తెలుస్తుంది.

"మోటరు స్టార్టింగులో లైను కుంగిపోతంది. నీ మెషీను తట్టుకోలేకపోతంది," అన్నాడు గురునాథరావు. ఆ మాట అంటున్నప్పుడు నడుం నిటారుగా పెట్టాడు.

ప్లాంటులోని ప్లేటు మిల్లులో ముప్పయ్యేళ్ళ పైచిలుకు ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చేసి రిటైరైన మనిషి. అటక మీంచి తోలుసంచీ దింపి, మీటరుకి కొత్త బ్యాటరీ వేసి, వైరు కొసలు లుంగీకి తుడిచి సాకెట్లో పెట్టాడు. "నూకాలమ్మా, ఒకసారి ఆపు. ఆఁ, ఇప్పుడు వెయ్యి," అని పెరట్లోకి కేకేశాడు. గ్రైండరు కదలగానే మీటరులో అంకె పడిపోయి, తడబడి, మళ్ళీ లేచింది.

"చూసేవా?"

"చూసేను నాన్నా. కానీ కరెంటు వల్లయితే ఠప్పున ఆరిపోవాలి. ఇది బ్లూ స్క్రీన్ ఇస్తోంది. అది వేరే."

"వేరే ఏటీ కాదు. ముందు బయటి లోడు తియ్యాలి, తరవాతే మెషీన్లో చెయ్యి పెట్టాలి. మా మిల్లులో ఎవడినైనా అడుగు. నువ్వేమో ముందే మెషీను విప్పుకు కూర్చున్నావు."

ఆయన గొంతులో వెటకారం ఉంది. ఆ వెటకారం విని ఎన్నాళ్ళయిందో. భాగ్యరేఖ ఇంక వాదించలేదు.

*

మిల్లులో ఒక ఆనవాయితీ ఉంది. ఫాల్టు దొరికిందనుకున్నాక అనుమానం ఉన్న లైను తీసేసి మూడు షిఫ్టులు నడిపించి చూస్తారు. మూడు షిఫ్టులూ మెషీను నిలబడితే ఆ లైనుదే తప్పు. ఇంక దాని మీద చర్చ ఉండదు. ఇంటికి షిఫ్టులెక్కడివి? అంచేత గురునాథరావు, కూతురు పని చేసే ఒక్కో పగటినీ ఒక షిఫ్టు కింద కట్టాడు.

"మూడ్రోజులు గ్రైండరు ఆపాలి నూకాలమ్మా," అన్నాడు పెరట్లో నిలబడి.

నూకాలమ్మ చేతులకున్న పిండి గిన్నె అంచుకి రాసుకుంటూ విన్నది. "మూడ్రోజులా అన్నియ్యా! నా పిండి ఇళ్ళోళ్ళు పేకెట్లు కొనీసుకుంతారు. ఒకపాలి పేకెట్టు మరిగితే మరి నాకాడికి రారు."

"మూడ్రోజులకేటి కాదు. ట్రయలు."

"పాపకి అంత ఇబ్బందిగుందేటి?"

"ఉద్యోగం పోయేలా ఉంది."

నూకాలమ్మ భాగ్యరేఖ వైపు చూసింది. "అలగైతే ఆపుతాను. పాప పని కంటెనా," అని గ్రైండరు రాళ్ళు కడిగి బోర్లించింది.

గురునాథరావు అంతటితో ఆగలేదు. మెయిన్ దగ్గర షెడ్డు లైను ఫ్యూజే పీకేశాడు.

"గ్రైండరు ఆపింది కదా నాన్నా, చాలదా? నూకాలత్తకి ఫ్యాను కూడా ఉండదు."

"ట్రయలంటే ట్రయలే. ఒకటి ఆపి ఒకటి ఉంచితే రేపు ఏది నమ్ముతావు?" అని ఖాళీ ఫ్యూజు గూటికి ఎర్రగుడ్డ ముక్క కట్టాడు. పని జరుగుతోంది, ఎవరూ ముట్టుకోవద్దని మిల్లులో అలాగే కడతారు. కట్టి, ఒకడుగు వెనక్కేసి దాన్ని చూసుకున్నాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురే. ముట్టుకునేవాళ్ళెవరో ఆయనకే తెలియాలి.

మొదటిరోజు కంప్యూటరు ఒక్కసారి కూడా ఆగలేదు. గురునాథరావు గంటకోసారి గుమ్మంలోకి వచ్చి "నడస్తందా?" అన్నాడు. "నడుస్తోంది," అంటే తలూపి వెళ్ళాడు. మధ్యాహ్నం సైకిలు తీసి బజారుకి వెళ్ళి చేప తెచ్చాడు. తనే కడిగాడు, తనే ఉల్లిపాయలు కోశాడు. చింతపండు ఎక్కువ పోసి, "మీ అమ్మయితే తిట్టును," అని నవ్వాడు. అన్నం దగ్గర కూచుని, వెనకటికి ఒకసారి మిల్లులో క్రేను ఊరికే ఆగిపోతూ ఉంటే నాలుగు రోజులు వెతికి, చివరికి వైర్లు కొరికేస్తున్న ఎలుకని ఎలా పట్టుకున్నారో చెప్పాడు. భాగ్యరేఖ నవ్వింది. నవ్వితే బుగ్గలు నొప్పెట్టాయి. నాన్న రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఇలాగే ఉంటే బాగుణ్ణు అనుకుంది. ఇంకేమీ వద్దు, ఇలాగే ఉంటే చాలు.

రెండోరోజు ఆయన బ్యాంకు పనుందని సివిక్ సెంటర్‌కి వెళ్ళాడు. షెడ్డులో ఉక్క భరించలేక నూకాలమ్మ ఇంట్లోకి వచ్చి, భాగ్యరేఖ గది గుమ్మం దగ్గర ఫ్యాను గాలి తగిలేలా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పెరట్లో పాదు ఎండిపోతోందనీ, మేస్త్రీ కూతురికి పెళ్ళి కుదిరిందనీ ఏదో చెప్తోంది. భాగ్యరేఖ వింటూ స్తంభం అడుగున పలక గీస్తోంది. గీత సగంలో ఉండగా తెర నీలంగా అయిపోయింది.

నూకాలమ్మ మాట ఆపేసింది.

"ఏటమ్మా, అలగయింది?"

"ఆగిపోయిందత్తా."

"ఇదేనా? అన్నియ్య సెప్పిందిదేనా?"

"ఇదే."

నూకాలమ్మ లేచి దగ్గరికి వచ్చి తెర వంక చూసింది. ఆమె మొహం విప్పారింది. "నా గ్రైండరు బోర్లించే ఉంది కద పాపా. ఫీజు కూడా లేదు. అలగైతే నాది కాదన్నమాట."

"కాదత్తా. నీది కాదు."

"బతికించేవు తల్లీ. రేతిరంతా నిద్దర్లేదు నాకు. అన్నియ్య వచ్చేక సెప్పీ. రేపటికి పప్పు నానబెట్టీసుకుంతాను."

"చెప్తాను," అంది భాగ్యరేఖ. చెప్పాలనే అనుకుంది. ఆ మాటలో అప్పటికి అబద్ధం లేదు.

సాయంత్రం గురునాథరావు కాగితం పొట్లంలో వేడి సమోసాలు పట్టుకుని వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే "నిలబడిందా?" అన్నాడు. మొహం నిండా చెమట. సమోసా పొట్లం నూనె ఓడుతోంది. బ్యాంకులో పాత మిల్లు స్నేహితుడెవడో కనిపిస్తే అతనికి కూడా ట్రయలు సంగతి చెప్పినట్టున్నాడు. మనిషి నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళి వచ్చినట్టున్నాడు.

భాగ్యరేఖ నోరు తెరిచింది. ఇప్పుడు చెప్తే ఏమవుతుందో కళ్ళకి కట్టింది. ఆ పొట్లం బల్ల మీద పెట్టేస్తాడు. "ఓహో," అంటాడు. వెళ్ళి టీవీ ముందు కూర్చుంటాడు. రేపు చెప్తే మటుకు కొంపలేం మునుగుతాయి? ఎలాగూ మూడోరోజు కూడా ఆగుతుంది, ఆయనే చూస్తాడు. అప్పుడు తను చెప్పక్కర్లేదు.

"నిలబడింది," అంది.

"అన్నాను గదా!" అన్నాడు గురునాథరావు.

వంటింటి గుమ్మంలో నూకాలమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె భాగ్యరేఖ వంక చూసింది. కోపంగా కాదు. ఇంకో మాటేదో రావాల్సి ఉంది, వస్తుంది అన్నట్టు చూసింది. రాలేదు. పళ్ళెం గట్టు మీద పెట్టి, కొంగు భుజం మీదికి లాక్కుని పెరట్లోకి వెళ్ళిపోయింది. సమోసా ఇస్తానన్నా ఆగలేదు.

మూడోరోజు భాగ్యరేఖ తెర వంకే చూస్తూ కూర్చుంది. ఆగు, ఆగు అనుకుంది. పెద్ద ఫైళ్ళు కావాలని ఒకేసారి తెరిచింది. కంప్యూటరు జన్మలో ఎన్నడూ లేనంత బుద్ధిగా నడిచింది.

*

మర్నాడు పొద్దున్న గురునాథరావు పెరట్లో కుర్చీ వేసుకుని నూకాలమ్మని పిలిచాడు. ఆయన మాట నెమ్మదిగానే ఉంది. చెడ్డమనిషైతే కసురుకునేవాడు, ఆమె కూడా నాలుగు మాటలనేది. ఆయన మంచిగా మాట్లాడాడు. అదే వచ్చిన చిక్కు.

"నీ తప్పు లేదు నూకాలమ్మా. ఈ క్వార్టర్ల వైరింగు ఏనాటిదో. గ్రైండరూ ఆ మెషీనూ ఒక లైను మీద బతకవు. మూడు షిఫ్టులూ చూసేం గదా. నువ్వుండడానికి ఏటీ ఇబ్బంది లేదు, నీ ఇష్టమొచ్చినన్నాళ్ళు ఉండు. గ్రైండరొక్కటే ఇక్కడ తిరగడానికి లేదు."

"గ్రైండరు లేకుండా నానుండి ఏటి సెయ్యను అన్నియ్యా?"

ఆయన ఒళ్ళో ఉన్న మీటరు తోలుసంచీ మూత తెరిచి మళ్ళీ మూశాడు.

నూకాలమ్మ గడప దగ్గర నిలబడ్డ భాగ్యరేఖ వైపు తిరిగింది. "పాపా, నువ్వు సెప్పు. నీ మెషీను గదా. నువ్వేటంతావు?"

పెరట్లో ఎండ అప్పుడే తెల్లగా కాస్తోంది. గోడ మీద, బట్టలారేసే తీగ మీద ప్లాంటు దుమ్ము ఎర్రగా పేరుకుని ఉంది. తీగ తుడిచి రెండ్రోజులైనట్టుంది అనుకుంది భాగ్యరేఖ. అలాంటి సమయంలో అలాంటి ఆలోచన వస్తుందా అంటే వచ్చింది మరి. నాన్న కూడా ఆమె వంక చూస్తున్నాడు. ఆయన కళ్ళలో అనుమానమన్నది లేదు. కూతురు ఏం చెప్తుందో ఆయనకి ముందే తెలుసు.

"నాన్న చూసారు కదత్తా," అంది.

నూకాలమ్మ తలూపింది. నేనూ చూసేను అనలేదు. తన మాట అక్కడ చెల్లదని ఆమెకి తెలుసు. భాగ్యరేఖకీ తెలుసు. కరెంటు సంగతిలో ముప్పయ్యేళ్ళ మిల్లు మనిషి తీర్పు చెప్పాక, పిండి రుబ్బుకునే ఆడమనిషి "కాదు" అంటే ఎవరు వింటారు? వినేలా చెప్పగలిగిన మనిషి గడప దగ్గర నోరు మూసుకుని నిలబడింది.

రెండ్రోజులు గడవక ముందే చిన్న ట్రాలీబండి వచ్చింది. ఊరవతల ఉతైలో ఆమె చెల్లెలి కొడుకు ఉన్నాడట. గ్రైండరు ఎక్కించడానికి గురునాథరావే సాయం పట్టాడు, "వైర్లు జాగర్త," అని తాడు కూడా తనే కట్టాడు. నూకాలమ్మ షెడ్డు ఊడ్చి, నీళ్ళు కొట్టి కడిగి, తాళంచెవి తెచ్చి భాగ్యరేఖ చేతిలో పెట్టింది. "ఎల్తాను పాపా. పని బాగా సేసుకో," అంది. ఎత్తిపొడుపేమో అని భాగ్యరేఖ ఆమె మొహంలో వెతికింది. కాదు. నిజంగానే అంది. ఎత్తిపొడిచి ఉంటే ఎంత హాయిగా ఉండేది.

*

బండి వెళ్ళిన మర్నాటి మధ్యాహ్నం తెర నీలంగా మారింది.

గురునాథరావు ఇంట్లో లేడు. ఈమధ్య ఆయన మధ్యాహ్నాలు ఎదుటి వరసలో ఉండే శంకరరావు దగ్గరికి వెళ్తున్నాడు. భాగ్యరేఖ లేచి గుమ్మం మూసింది. ప్లగ్గు తీసి, క్యాబినెట్టు పక్కకి పడుకోబెట్టి, మరలు విప్పి గిన్నెలో వేసింది. ఇదివరకు విప్పినప్పుడు ఏది పాడుచేస్తానో అని భయం ఉండేది. ఇప్పుడది లేదు. చేపని కోసినట్టు కోసుకుపోయింది.

లోపల అన్నీ తను బిగించినవే. వాటిల్లో అనుమానించకుండా వదిలేసింది ఒక్కటే. దీపావళికి పెద్ద డ్రాయింగులు మొరాయిస్తున్నాయని ర్యామ్ ఇంకొకటి కొని పాతదాని పక్కన గుచ్చింది. వేలెడు పొడుగు పచ్చటి పలక. కొత్తది, సీలున్నది. కొత్తది గదా అని దానివైపు చూడలేదు. ఆలోచిస్తే, కంప్యూటరు ఆగడం మొదలైంది దీపావళి తరవాతే. ఆ సంగతి ఎన్నడూ తట్టలేదంటే తట్టనివ్వలేదనే.

పాతది ఒక్కటే ఉంచి, మెమరీని పరీక్షించే ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లోంచి నడిపించింది. గంటలు పట్టింది. ఒక్క తప్పు లేదు. అది తీసి కొత్తది పెట్టింది. మొదట్లో అదీ బాగానే నడిచింది. కూర్చుని చూస్తోంది. సగం దాటాక తప్పు ఉందంటూ ఒక ఎర్రగీత వచ్చింది. కాసేపు ఏమీ లేదు. తరవాత వరసగా తెర కిందిదాకా ఎర్రటి గీతలు దిగాయి.

దొరికింది. ఇన్ని నెలలు వెతికినది దొరికితే ఎగిరి గంతేయాలి. ఆమె గిన్నెలోంచి మర ఒక్కొక్కటీ తీసి బిగించింది. ఒక మర గాడి తప్పితే వెనక్కి తిప్పి మళ్ళీ పట్టించింది. పాడైన పలకని తీసి సొరుగులో పడేసింది. తరవాత కంప్యూటరు మళ్ళీ ఆగలేదు. షెడ్డు డ్రాయింగులన్నీ వెళ్ళిపోయాయి. ఉదయ్‌కుమార్ బొటనవేలు బొమ్మ పంపించి, వెనకే కొత్త ప్యాకేజీ ఫైళ్ళు కూడా పంపించాడు. భాగ్యరేఖ వాటిని తెరిచి గియ్యడం మొదలుపెట్టింది. రోజులు అలాగే వెళ్తున్నాయి. తింటోంది, గీస్తోంది, పడుకుంటోంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి మటుకు చెవులు వాటంతట అవే పెరటివైపు తిరుగుతున్నాయి.

ఒకరోజు నాన్నకి చెప్పకుండా స్కూటీ తీసి ఉతై వెళ్ళింది.

బస్సులు ఆగే చోటికి కాస్త ఇవతల, రేకుల కింద టిఫిన్ల కొట్టు. అక్కడ నూకాలమ్మ అంట్లు తోముతూ కనిపించింది. గ్రైండరేదని చూస్తే కొట్టు వెనకాల తిరుగుతోంది. దాని దగ్గర వేరే మనిషి ఎవరో కూర్చుని పిండి తోస్తున్నాడు.

"రా పాపా, కూకో," అంది నూకాలమ్మ, చేతులు కడుక్కుంటూ. "కొట్టోడికి ఇచ్చీసేను. మా సెల్లి కొడుకు ఇంట్లో ఎట్టడానికి సోటు లేదు. ఇక్కడే పని సేసుకుంతన్నాను. నీ మెషీను బాగుందా?"

"బాగుందత్తా. దాన్లోనే ఒక పార్టు పాడైంది. నేను పెట్టిందే. నీ గ్రైండరుకీ దానికీ ఏం సంబంధం లేదు." ఒక్క గుక్కలో అనేసింది. "తప్పు నాది. ఆ రోజు చెప్పాల్సింది. నువ్వు వచ్చెయ్ అత్తా. గ్రైండరు సంగతి నేను మాట్లాడతాను ఈ కొట్టాయనతో."

నూకాలమ్మ ఎదురుగా బల్ల మీద కూర్చుంది. తడిచేతులు మోకాళ్ళకి తుడుచుకుంది.

"అన్నియ్యకి సెప్పేవా?"

భాగ్యరేఖ స్కూటీ తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పింది.

"ఇక్కడికొచ్చినట్టు ఆయనకి తెల్దా?"

"తెలీదు."

నూకాలమ్మ నవ్వింది. వెటకారం లేని నవ్వు, అలసిపోయిన నవ్వు. "అలగైతే నానే మొకంతో వస్తాను పాపా? ఆయన లెక్కలో నాను ఇంకా నీ ఉద్యోగం మీదికి తెచ్చినదాన్నే గదా. మీ అమ్మ నడిపిన ఇల్లది, ఆ ఇంటికి కీడు సేసేనని అనిపించుకుని ఎల్పోయేను. గ్రైండరు పోతే పోయింది. నీకు తెలుసు, నాకు తెలుసు, ఇద్దరం ఇక్కడ కూకుని అనుకుంతే ఏటొస్తాది? నాకు సెప్పక్కర్లేదు. నాను సూసేను గదా."

లోపల్నించి ఎవరో ఆమెని పిలిచారు. "వస్తన్నా," అని లేచింది. భాగ్యరేఖకి టీ పంపించమని చెప్పి, మళ్ళీ అంట్ల దగ్గరికి వెళ్ళింది. టీ వచ్చింది. మీగడ కట్టేదాకా భాగ్యరేఖ దాని ముందు కూర్చుంది.

ఇల్లు చేరేసరికి వరండాలో నాన్న, శంకరరావు కూర్చుని ఉన్నారు. శంకరరావు ఇంట్లో ఫ్రిజ్జు ఊరికే ఆగిపోతోందట. గురునాథరావు ముందుకు వంగి, చేత్తో గాలిలో లైన్లు గీస్తూ చెప్తున్నాడు.

"ముందు ఫ్రిజ్జు జోలికి పోకు. బయటి లోడు తియ్యి. మీ పైవాటావాళ్ళు గీజరు పెట్టేరన్నావు గదా, అదే అయుంటాది. మా ఇంట్లో సూడు. ఇది నెలల తరబడి మెషీను విప్పడం, బిగించడం. నేను లైను తీసి మూడు షిఫ్టులు నడిపించేను. కావాలంటే దీన్నే అడుగు. ఏమే, మళ్ళీ ఒక్కసారైనా ఆగిందా?"

భాగ్యరేఖ స్కూటీ స్టాండు వేసి, తాళం తీసి చేతిలో పట్టుకుంది. శంకరరావు ఆమె వంక చూస్తున్నాడు. రేపు ఈయన వెళ్ళి పైవాటావాళ్ళ తలుపు కొడతాడు.

"ఆగింది నాన్నా," అంది.

"ఆఁ?"

"ట్రయల్లోనే ఆగింది. రెండోరోజు, మీరు బ్యాంకుకి వెళ్ళినప్పుడు. నూకాలత్త పక్కనే ఉంది, తనూ చూసింది. మీరు వచ్చి అడిగితే నిలబడిందని చెప్పేను. అది అబద్ధం. తను వెళ్ళాక కూడా ఆగింది. దాన్లో నేను పెట్టిన ర్యామే పాడైంది. తీసేసేను. ఇప్పుడు బాగుంది."

గాలిలో ఉన్న గురునాథరావు చెయ్యి మోకాలి మీదికి దిగింది.

"మరి ఆ రోజే సెప్పలేదేటే?" అన్నాడు.

"మీరు ముందురోజు నవ్వేరు," అంది భాగ్యరేఖ. ఎవరిదో సంగతి చెప్తున్నట్టుగా వచ్చింది మాట. "అమ్మ పోయాక అదే మొదటిసారి. చెప్తే మళ్ళీ వెళ్ళి టీవీ ముందు కూర్చుంటారని భయమేసింది. నూకాలత్త ఏమైపోయినా ఫర్వాలేదనిపించింది నాన్నా. నిజంగానే అనిపించింది."

శంకరరావు టీగ్లాసు కింద పెట్టి, "వస్తాను గురునాథం," అని లేచి వెళ్ళిపోయాడు. ఫ్రిజ్జు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

వీధిలో షిఫ్టు దిగినవాళ్ళ స్కూటర్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. గురునాథరావు లోపలికి వెళ్ళి టీవీ పెడతాడనుకుంది భాగ్యరేఖ. ఆయన కదలలేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు.

గేటు చప్పుడైంది. రోజూ పిండి కొనుక్కెళ్ళే ఒకావిడ చేతిలో స్టీలు డబ్బాతో నిలబడి ఉంది. పుట్టింటికి వెళ్ళి నిన్ననే వచ్చినట్టుంది. "అంకుల్, నూకాలమ్మా దీదీ నహీ దిఖ్ రహీ. గావ్ గయీ హై క్యా?" అని, కనబడడం లేదు ఊరెళ్ళిందా అన్నట్టు అడిగింది.

భాగ్యరేఖ చెప్పబోయింది. గురునాథరావు చేత్తో ఆపి, తనే లేచి గేటు దాకా వెళ్ళాడు. ఆవిడతో ఆయన ఎప్పుడూ తలెత్తి మాట్లాడి ఎరగడు. గేటు చువ్వ పట్టుకుని, వచ్చీరాని హిందీలో తెలుగు కలిపి, పక్క క్వార్టరు వాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా అన్నాడు.

"గావ్ నహీ గయీ బేటీ. హమ్ నికాలా ఉస్కో, నేనే పంపేసేను. ఉస్‌కా కోయీ గల్తీ నహీ థా, దాని తప్పేటీ లేదు."